కాగితం లేని జీవితాలకు సాక్ష్యం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్ల పండుగనాడు పాఠశాల చరిత్రను చెప్పుకొనుట సంప్రదాయం. ఆ పనిని నాకంటె పెద్దలు ఇదివరకే చక్కగా నెరవేర్చారు. కనుక మన పిల్లలు చేయగలిగిన, చేయవలసిన ఒక పనిని గురించి ఈ సభలో మనవి చేయదలచాను. అందరికీ అందుబాటులో ఉండి, స్వచ్ఛంద రచయితలు ఉచితంగా వ్రాసే విజ్ఞాన సర్వస్వమైన తెలుగు వికీపీడియాలో ఆదివాసీ ప్రముఖుల జీవిత చరిత్రలు ఉన్నాయి. వాటిలోని పేర్లు, తేదీలు, ఊర్లు, సంఘటనలు నిజమా కాదా అని పరిశీలించి సరిచూచుటే ఆ పని.

కామాఠీపురలోని తెలుగు పిల్లలకు ఆదిలాబాద్ అడవులలోని గోండులతోను, విశాఖ మన్యంలోని గిరిజనులతోను ఏమి సంబంధమని మీకు తోచవచ్చు. సంబంధమున్నది. మన పేటను గురించి లోకం ఏమి వ్రాసిందో ఒకసారి తలచుకొండి. పద్దెనిమిదవ శతాబ్ది చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట సముద్రపు పోటును ఆపిన తరువాత ఈ పల్లపు నేలలు నివాసయోగ్యమైనాయి. నిజాం రాజ్యం నుండి పొట్ట చేతబట్టుకుని వచ్చిన తెలుగు కూలీలు ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు. వారిని కామాఠీలన్నారు, పేటకు కామాఠీపుర అని పేరు వచ్చింది. ఈ నగరంలో రాళ్ళు మోసినది, గోడలు లేపినది, మిల్లులలో మగ్గాలు నడిపినది మన తాతలే. అయినా కామాఠీపుర పేరు చెప్పగానే బయటివారికి స్ఫురించేది ఒక్కటే విషయం. ఆ వ్రాతలలోని ప్రతి మాటా అబద్ధమని నేననను. కాని మేస్త్రీలు, బిగారీలు, చాళ్‌లోని ఒంటిగది కాపురాలు, బతుకమ్మ ఆటలు, ఈ తెలుగు బడి, ఇవేవీ లేని కామాఠీపుర సగం కామాఠీపుర. తమను గురించి ఇతరులు వ్రాసినదే చరిత్రగా చలామణీ అయితే మనసుకు ఎట్లా ఉంటుందో మన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. ఆదివాసులకు ఆ అనుభవం మనకంటె ఎన్నో రెట్లు అధికం.

విజ్ఞాన సర్వస్వమన్నది తెలుగువారికి కొత్త ఊహ కాదు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వ రచనకు పూనుకొని, మూడు సంపుటములు వెలువరించి, పని పూర్తి కాకుండానే 1923లో కన్నుమూశారు. ఆయన మరాఠీలోను పండితులు. తెలుగులో శివాజీ చరిత్రమును వ్రాసినవారు. రెండు భాషల మధ్య పెరుగుతున్న మన పిల్లలకు ఆయన దగ్గరి బంధువు వంటివారు. వికీపీడియా ఇంగ్లీషులో 2001 జనవరిలోను, తెలుగులో 2003 డిసెంబరులోను మొదలైంది. దీనికి జీతం తీసుకునే సంపాదకవర్గం లేదు. ఎవరైనా వ్రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ఎవరు ఏ రోజున ఏ మాట చేర్చారో, ఏ మాట తీసివేశారో ఆ పుట చరిత్రలో భద్రంగా ఉంటుంది. అభిప్రాయభేదం వస్తే దానికి జతగా ఉన్న చర్చా పుటలో వాదించుకోవచ్చు.

ఈ స్వేచ్ఛకు మూడు కట్టుబాట్లున్నాయి. వ్రాసిన ప్రతి ముఖ్యాంశానికీ, చదువరి తానే వెళ్ళి చూచుకోదగిన ఆధారం చూపాలి. తన సొంత పరిశోధనను, సొంత నిర్ణయాన్ని అందులో చొప్పించరాదు. పక్షపాతం లేకుండా, భిన్నాభిప్రాయాలుంటే వాటి బరువును బట్టి అన్నిటినీ చెప్పాలి. ఈ మూడూ వినడానికి సులభంగానే ఉంటాయి. ఆదివాసీ నాయకుని జీవిత చరిత్ర దగ్గరకు వచ్చేసరికి మూడూ పరీక్షకు నిలుస్తాయి. ఆ జీవితాలకు పుట్టిన తేదీ వ్రాసి పెట్టిన రిజిస్టరు లేదు. ఉన్న కాగితం తరచుగా వారిని పట్టుకున్న పోలీసులది, శిక్షించిన కచేరీలది. వారి పేర్లను కూడా, ఆ భాష రాని గుమాస్తాలు తమకు వినబడినట్లు వ్రాసుకున్నారు.

కొమరం భీమ్ గారి జీవితాన్నే తీసుకుందాం. ఆసిఫాబాద్ ప్రాంతపు గోండు వీరుడు. అడవి మీద, భూమి మీద తమ హక్కు కోసం నిజాం ప్రభుత్వాన్ని ఎదిరించి 1940లో జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పులలో నేలకొరిగారు. 2016లో తెలంగాణలో ఆయన పేరిట ఒక జిల్లాయే ఏర్పడింది. అయినా ఆయన ఇంటిపేరును కొమరం అని, కొమురం అని, కుమ్రం అని మూడు నాలుగు విధాలుగా వ్రాస్తున్నారు. ఇవి వేరువేరు మనుషుల పేర్లు కావు. గోండీ పలుకును తెలుగు అక్షరాలలో పట్టుకోబోయిన ప్రయత్నాలు. అటువంటిచోట ఒకదానిని శీర్షికగా ఉంచి, తక్కిన రూపాలను కూడా మొదటి వాక్యంలోనే చూపుట మంచి పద్ధతి. లేకుంటే కుమ్రం అని వెదికిన గోండు బాలునికి తన వీరుడు దొరకడు.

తేదీ సంగతి ఇంతకంటె చిక్కైనది. ఆయన మరణించిన రోజు 1940 సెప్టెంబరు 1 అని కొన్నిచోట్ల, అక్టోబరు 27 అని మరికొన్నిచోట్ల కనబడుతుంది. జోడేఘాట్‌లో గోండులు మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమినాడు వర్ధంతి జరుపుతారు. తొమ్మిదవ తరగతి పిల్లల ముందు ఈ మూడింటినీ ఉంచి, ఇవి ఒకదానితో ఒకటి పొసగుతాయా చూడమన్నాను. పాత పంచాంగం వారి దగ్గర లేదు. అయితే 1940 అక్టోబరు 1న సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించిందని ఖగోళ గ్రంథాలు చెబుతాయి. బ్రెజిల్‌లోను, దక్షిణాఫ్రికాలోను కనబడిన గ్రహణమది. సూర్యగ్రహణం అమావాస్యనాడు తప్ప రాదని సైన్సు పాఠంలో చదువుకున్నదే. ఆ అమావాస్య మరునాటితో ఆశ్వయుజం మొదలు. అమావాస్యకు పదిహేను రోజులు కలిపితే అక్టోబరు 16 ప్రాంతంలో పౌర్ణమి. ఇరవై తొమ్మిదిన్నర రోజులు వెనుకకు వెళ్తే సెప్టెంబరు మొదటి రెండు రోజులలో మరొక అమావాస్య. అంటే సెప్టెంబరు 1 నాటి రాత్రి చంద్రుడే లేని రాత్రి. అక్టోబరు 27 దీపావళి అమావాస్యకు మూడు నాలుగు రోజుల ముందటి రోజు. కనుక ఈ రెండు తేదీలలో ఏదీ పౌర్ణమి కాదు.

ఇక్కడ పిల్లలు ఉత్సాహంతో, "అయితే టీచర్, అక్టోబరు 16 అని దిద్దేద్దామా?" అన్నారు. దిద్దరాదు. మన లెక్క తేల్చినది ఒక్కటే: గోండుల తిథి, అచ్చులో ఉన్న తేదీలు రెండూ ఏకకాలంలో నిజం కాజాలవు. వాటిలో ఏది నిజమో లెక్క చెప్పదు. తిథిని ముందుంచి తేదీని మనమే తయారుచేస్తే, గోండుల జ్ఞాపకానికి మన కల్పనను జోడించినవారమవుతాము. తేదీని ముందుంచి తిథిని కొట్టివేస్తే, కచేరీ కాగితానికి ఊరి జ్ఞాపకం కంటె ఎక్కువ విలువ కట్టినవారమవుతాము. విజ్ఞాన సర్వస్వంలో వ్రాయదగినది ఇది: ఫలానా గ్రంథం ఈ తేదీ అంటున్నది, ఫలానా గ్రంథం ఆ తేదీ అంటున్నది, ఆయన జాతివారు ఆశ్వయుజ పౌర్ణమిని పాటిస్తున్నారు. మన లెక్కను చర్చా పుటలో పెట్టవచ్చు. దానిని చూచి ఏ చరిత్రకారుడో పాత దస్తావేజులు తిరగవేసి, నిగ్గుతేల్చి అచ్చువేసిననాడు ఆ మాట వ్యాసంలోకి వస్తుంది. తెలిసినంతవరకే చెప్పి ఆగుట కూడా విద్యలో భాగమే.

బిర్సా ముండా గారి విషయంలోనూ ఇటువంటి ముడి ఒకటున్నది. ఆయన జన్మదినం 1875 నవంబరు 15. కేంద్ర ప్రభుత్వం 2021 నుండి ఆ రోజును జనజాతీయ గౌరవ దినంగా పాటిస్తున్నది. గురువారం పుట్టినందువలన ఆయనకు బిర్సా అని పేరు పెట్టారని కూడా చెబుతారు. క్యాలెండరు లెక్క వేసి చూస్తే ఆ రోజు సోమవారం. ఇందువలన జయంతి తప్పు అనడానికి గాని, పేరు కథ తప్పు అనడానికి గాని మనకు అధికారం లేదు. రెండూ ఒకే వాక్యంలో నిస్సందేహంగా వ్రాయబడి ఉంటే ఆ వాక్యాన్ని విడదీసి, దేనికి ఏది ఆధారమో అడుగవలసి ఉన్నది. పిల్లలకు లెక్కలు ఎందుకు నేర్పుతామో ఇటువంటిచోట తెలుస్తుంది.

తరువాత చూడవలసినది ఊరు. "మహారాష్ట్రలోని కిన్వట్‌లో పుట్టాడు" అని నిజాం కాలపు మనిషిని గురించి వ్రాస్తే ఆ వాక్యం సగమే నిజం. కిన్వట్, రాజురా తాలూకాలు 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లావి. రాష్ట్రాల పునర్విభజనతో అవి బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. నడిమధ్య గీత గీసినవారు గోండు గూడేలను అడిగి గీయలేదు. అందువలన ఒకే వంశానికి చెందిన వారి చరిత్ర కొంత తెలుగులోను, కొంత మరాఠీలోను ఉన్నది. 1858 అక్టోబరు 21న చాందాలో ఉరితీయబడిన గోండు వీరుడు బాబూరావు షెడ్మాకేను గురించి తెలుగులో చదివినవారెందరు? ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడే మన పిల్లలు ఈ రెండు ఒడ్డులనూ కలుపగలరు. హైదరాబాద్‌లోని పిల్లలకు గాని, పుణేలోని పిల్లలకు గాని లేని సౌలభ్యం ఇది. దీనిని మనం ఇన్నాళ్ళు లోపంగా భావించాము.

నాయకుని పక్కన నిలిచినవారు మరుగునపడుట మరొక సమస్య. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడితో మొదలైన మన్యం తిరుగుబాటు అనగానే అల్లూరి సీతారామరాజు గారి పేరు తలుస్తాము. తలువవలసినదే. కాని ఆయన స్వయంగా ఆదివాసి కారు. పాండ్రంగిలో జన్మించిన క్షత్రియులు. కొన్ని వ్యాసాలలో ఆయనను గిరిజనులలో పుట్టిన వీరునిగా వర్ణించుట పొరపాటు. దానిని సరిదిద్దుట ఆయన త్యాగాన్ని తక్కువ చేయుట కాదు. ఆయనతో పాటు పోరాడిన ఆదివాసీ సోదరులు గాం గంటందొర, గాం మల్లుదొరలకు దక్కవలసిన చోటు వారికి ఇచ్చుట. గంటందొర 1924లో అసువులు బాశారు. మల్లుదొర జైలు నుండి బయటపడి, 1952లో విశాఖపట్నం నుండి తొలి లోక్‌సభకు ఎన్నికైనారు. బ్రిటిషు ప్రభుత్వం మీద విల్లెత్తిన మన్యపు మనిషి స్వతంత్ర భారత పార్లమెంటులో కూర్చున్నాడన్న సంగతి ఎన్ని పాఠ్యపుస్తకాలలో ఉన్నది? ఆ ఎన్నికకు పార్లమెంటు రికార్డు సాక్ష్యమున్నది. ఆధారం దొరికే నిజాలే ఇట్లా వ్రాయకుండా మిగిలి ఉన్నాయి.

సినిమాల సంగతి కూడా చెప్పాలి. 2022లో విడుదలైన "ఆర్ఆర్ఆర్" చిత్రంలో అల్లూరి, భీమ్ ప్రాణస్నేహితులు. అది కల్పిత కథ అని చిత్ర దర్శకులే చెప్పారు. చరిత్రలో వారిద్దరూ కలిసినట్లు ఆధారం లేదు. అల్లూరి 1924 మే 7న మరణించారు. భీమ్ పోరాటం 1940 నాటిది. అట్లే సాహు, అల్లం రాజయ్య గార్లు 1983లో రచించిన "కొమరం భీమ్" నవల ఎందరికో ఆ వీరుని పరిచయం చేసిన గొప్ప రచన. కాని నవలలోని సంభాషణను ఆయన నోటి మాటగా జీవిత చరిత్రలో ఉటంకించరాదు. కళకు కళగా గౌరవం ఇవ్వాలి, సాక్ష్యంగా నిలబెట్టరాదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది నీడను చూపి నీడకు సాక్ష్యమనడం. ఒకరు ఆధారం లేకుండా వికీపీడియాలో ఒక తేదీ వ్రాస్తారు. దానిని చూచి ఒక పత్రిక వర్ధంతి వ్యాసంలో వేస్తుంది. మరుసటి సంవత్సరం ఆ పత్రికను చూపి వికీపీడియాలో ఆధారం చేరుస్తారు. ఇప్పుడు తేదీకి సాక్ష్యం ఉన్నట్లు కనబడుతుంది, మూలంలో ఉన్నది శూన్యం. కనుక పిల్లలు రెండు ప్రశ్నలు వేయాలి. ఈ మాట మొదట ఎవరు, ఏ సంవత్సరంలో వ్రాశారు? పది పుస్తకాలు ఒకే మాట అంటున్నాయంటే పదీ వేరువేరుగా తెలుసుకున్నవా, ఒకదానిని చూచి తొమ్మిది వ్రాసుకున్నవా? పరీక్ష హాలులో ఒకే తప్పు తొమ్మిది పేపర్లలో కనబడితే ఉపాధ్యాయులమైన మనకు ఏమి అనుమానం వస్తుందో, ఇక్కడా అదే రావాలి.

సజీవులైన వారిని గురించి, ఇటీవల గతించినవారిని గురించి వ్రాసేటప్పుడు జాగ్రత్త రెట్టింపు కావాలి. గుస్సాడీ నృత్య గురువు కనకరాజు గారికి 2021లో, కోయ డోలి కళాకారులు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. ఇద్దరూ 2024లోనే స్వర్గస్థులైనారు. రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మల గాథలను కోయ భాషలో నోటితో చెప్పి నిలబెట్టినవారు. వారి విద్య అంతా గొంతులోను, డోలు మీది వేళ్ళలోను ఉన్నది. ప్రభుత్వం పద్మశ్రీ ఇవ్వకముందు ఆయనను గురించి అచ్చులో ఎన్ని పుటలున్నాయని అడిగితే జవాబు చెప్పుట కష్టం. పురస్కారం రాని తక్కిన గాయకుల మాట ఏమిటి?

ఈ విధంగా మనం ఒక ధర్మసంకటానికి వచ్చాము. అచ్చులో ఉన్నదే ఆధారమన్న నియమం, అచ్చుయంత్రం ఎవరి చేతిలో ఉంటే వారికే అనుకూలం. నిజాం పోలీసుల నివేదిక కాగితం గనుక ఆధారం. జోడేఘాట్ అవ్వ జ్ఞాపకం మాట గనుక ఆధారం కాదు. ఇది న్యాయమా? ఈ ప్రశ్నను వికీపీడియాలో పనిచేసేవారే వేసుకున్నారు. 2011లో అచల్ ప్రభల గారు మన దేశంలోను, దక్షిణాఫ్రికాలోను జనుల నోటి మాటలను రికార్డు చేసి, వాటిని ఆధారాలుగా స్వీకరించవచ్చునా అని పరిశీలించే ప్రయోగం చేశారు. "పీపుల్ ఆర్ నాలెడ్జ్" అనే చిత్రం దాని ఫలితం. వాదన ఇంకా ముగియలేదు.

నా అభిప్రాయం ఇది. నియమాన్ని సడలించి ఎవరు ఏమి చెప్పినా వ్రాసుకొమ్మంటే మొదట నష్టపోయేది ఆదివాసులే. ఎందుకంటే వారిని గురించి కట్టుకథలు చెప్పేవారు ఎక్కువ, వాటిని ఖండించే అవకాశం వారికి తక్కువ. నియమాన్ని ఉంచి, దాని కిందికి వచ్చే సాక్ష్యాన్ని పెంచుటే మార్గం. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ, భాష నమోదు చేసి, వారి అనుమతితో మాటను భద్రపరచి, బాధ్యత గల సంస్థ ప్రచురిస్తే ఆ మాట కూడా నలుగురు చూచుకోదగిన ఆధారమవుతుంది. తిరుగుబాటు తరువాత ఆదిలాబాద్ గోండుల స్థితిగతులను అధ్యయనం చేసిన హైమన్‌డార్ఫ్ పండితుడు చేసినదీ ఇదే. ఆయన 1945లోను, 1948లోను వెలువరించిన గ్రంథాలు నేడు ఆధారాలుగా నిలిచాయి. అయితే ఆయన బయటివారు. గోండులే తమ లిపిలో వ్రాసుకున్న ప్రతులు ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో లభించాయి. ఆ గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దొరికింది. అడవిలో అక్షరమే లేదన్న మాటకు ఆ ప్రతులే జవాబు.

కావున మన విద్యార్థులకు నేను చెప్పేది నాలుగు పనులు. ఒక జీవిత చరిత్రను ఎన్నుకొని, అందులోని ప్రతి తేదీ, ప్రతి ఊరు, ప్రతి పేరు కింద గీత గీయండి. ఒక్కొక్కదానికి చూపిన ఆధారాన్ని తెరిచి, నిజంగా అందులో ఆ మాట ఉన్నదా చదవండి. లేకుంటే చెరిపివేయడానికి తొందరపడక, ఆధారం కావాలని గుర్తు పెట్టి, చర్చా పుటలో మర్యాదగా అడగండి. మరాఠీలోనో, హిందీలోనో మేలైన ఆధారం దొరికితే తెలుగులోకి తెచ్చి చేర్చండి. నెలకు ఒక్క జీవితం సరిచూచినా చాలును. ఒక తప్పు తేదీ సవరింపబడితే, రేపు ఆ తేదీని చూచి వ్యాసం వ్రాసే విలేఖరి, ప్రశ్నపత్రం తయారుచేసే ఉపాధ్యాయుడు, గూడెంలో చదువుకునే పిల్లవాడు ముగ్గురూ తప్పు నుండి తప్పించుకుంటారు.

ఇక పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. కాగితం లేని జీవితాలు అడవులలోనే లేవు. చాళ్‌లు కూలి బహుళ అంతస్తుల మేడలు లేస్తున్న కాలమిది. నాకా మీద నిలబడి పని వెతుక్కున్న తాత ఏ ఊరి నుండి, ఏ సంవత్సరం వచ్చాడో, ఏ మిల్లులో ఏ ఖాతాలో పనిచేశాడో, 1982 సమ్మె తరువాత ఆ ఇల్లు ఎట్లా గడిచిందో ఎన్ని కుటుంబాలు వ్రాసి ఉంచాయి? మీ ఇంటి పెట్టెలోని మిల్లు పాసు, రేషను కార్డు, అద్దె రసీదు, ఈ బడి ఇచ్చిన ప్రగతి పత్రం, ఇవి చిత్తు కాగితాలు కావు. వాటిని భద్రపరచండి. పెద్దల మాటలను తేదీ వేసి వ్రాసుకొండి. పరుల జీవితాలను న్యాయంగా సరిచూచుట నేర్చిన పిల్లలు తమ వారి జీవితాలను అతిశయోక్తి లేకుండా, సంకోచం లేకుండా వ్రాయగలుగుతారు. ఈ బడి డెబ్బది అయిదేండ్లుగా నేర్పిన అక్షరాలకు అంతకంటె మంచి వినియోగం నాకు తోచడం లేదు.